దిగుడు వీధిలో స్వామివారి కుర్చీ

పరాంకుశ స్వామివారిని ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆయన ముందుగా అనే మాట ఒక్కటే: "భోంచేశావా?" చేశానంటే, అయితే తొందరేముంది కూర్చోమనేవారు. చేయలేదంటే వంటశాల వైపు చెయ్యి చూపేవారు. ఎలా చూసినా ఆ పూటకు జవాబు వచ్చేది కాదు. అది ఎప్పుడో, ఏదో పని మధ్యలో వచ్చేది. అప్పటికి అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయి ఉంటే ఎవరేం చేస్తారు? మనం భగవంతుణ్ణి అడిగినవి కూడా చాలావరకు అలాగే వస్తాయి కదండీ, మనమే గుర్తుపట్టం. సరే, కథలోకి వద్దాం.

వేములకోన మఠంలో స్వామివారి దగ్గర ఉపదేశం పొందినవారిలో వేదాచలం ఒకడు. మఠం వారి హైస్కూల్లోనే సైన్సు మాస్టారు. మంచివాడు, సంధ్య తప్పనివాడు. లెక్కకు అందనిది ఏదైనా ఉందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. అలాంటివాడు ఒకనాటి సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి స్వామివారి ఎదుట కూర్చున్నాడు.

తొమ్మిదో తరగతికి అసమచలనం పాఠం చెబుతున్నాడట. ఒకే తీరున సాగని నడక అన్నమాట. మన ఊరి బస్సు పల్లెపల్లెకూ ఆగుతూ, ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మూలుగుతూ, దిగేటప్పుడు ఉరుకుతూ పోతుంది చూడండి, అదే. పోయిన మొత్తం దూరాన్ని పట్టిన మొత్తం కాలంతో భాగిస్తే సరాసరి వడి వస్తుంది. అంతవరకు పిల్లలూ బాగానే ఉన్నారు, మాస్టారూ బాగానే ఉన్నాడు. ఆ తర్వాత పుస్తకంలో తక్షణ వడి అని ఒకటి వచ్చింది. సరిగ్గా ఈ క్షణాన బండి వడి ఎంత, అని. దాంతో ఒక పిల్ల లేచి, క్షణమంటే అందులో కాలమే లేదన్నారు కదా సార్, కాలం లేనప్పుడు బండి కదలనే కదలదు, కదలని బండికి వడి ఎక్కడిది అని అడిగింది. తరగతంతా నవ్వింది. వేదాచలానికి మాత్రం నవ్వు రాలేదు.

"ఆలోచించిన కొద్దీ ఆ పిల్ల అన్నదే నిజమనిపిస్తోంది స్వామీ. సరాసరి ఒక్కటే నిజం. తక్కినది పుస్తకం రాసినవాళ్ళ మాట. నేను నమ్మనిదాన్ని పిల్లలకు ఎలా చెప్పను?"

స్వామివారు "భోంచేశావా?" అన్నారు.

ఇంతలో బ్రహ్మోత్సవాలు వచ్చాయి. వేములకోన చెన్నకేశవుడి రథాన్ని మీలో చాలామంది చూసి ఉండరు. ఒక్కసారి కళ్ళు మూసుకోండి, చూపిస్తాను. మేడ మీద మేడ కట్టినట్టు ఎత్తు. మనిషి నిలబడితే చక్రం తలదాటి ఉంటుంది. ముందు ఊరంతా పట్టుకునే పగ్గాలు. చక్రాల పక్కనే చెక్క మొద్దులు భుజాన పెట్టుకుని ఓబులేసు, అతని మనుషులు. ఆ రథం మలుపు తిరగాలన్నా ఆగాలన్నా వాళ్ళు చక్రం కింద మొద్దు తోయవలసిందే. పొద్దున గుడి దగ్గర కదిలి, గడపగడపకూ ఆగి హారతులు అందుకుంటూ, మధ్యాహ్నానికి మండపం చేరుతుంది. మండపానికి ముందు దిగుడు వీధి ఉంది. పేరుకు తగ్గట్టే వాలు. ఆ వీధి మొదట్లో పగ్గాలు విప్పేసి జనమంతా అరుగులెక్కుతారు. ఊరంతా స్వామిని లాగుతుంది, ఈ ఒక్క వీధిలో మాత్రం స్వామి తనంత తానే దిగి వస్తాడని అక్కడివారి నమ్మకం.

ఆ వీధి అడుగున, వాలు ముగిసే చోట, మంచి నీడ ఉంది. అక్కడ కూర్చుంటే రథం శిఖరం నుంచి చక్రం దాకా ఎదురుగా కనబడుతుంది. అయినా ఎవరూ కూర్చోరు. అరుగులెక్కలేని ముసలివాళ్ళు జనం వెనక నిలబడి, ముందువాళ్ళ వీపులు చూసి, దండం పెట్టుకుని ఇంటికి పోతారు.

వేదాచలానికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఉత్సవాల ముందు ఊరి పెద్దలు మఠంలో కూర్చున్నప్పుడు ఆ మాట ఎత్తాడు. గుడి నుంచి మండపానికి దూరం ఇంత, పట్టే కాలం ఇంత, సరాసరి తీస్తే పాకే పిల్లవాడు కూడా రథాన్ని దాటిపోతాడు, అలాంటి బండికి భయపడి పండుముసలివాళ్ళకు దర్శనం లేకుండా చేస్తామా అన్నాడు. ఈ యేడు ఆ నీడలో బల్లలు వేయిద్దామన్నాడు. మాటలో దయ ఉంది, లెక్కలో తప్పు లేదు. పెద్దలు తలలూపారు.

వాకిట్లో నిలబడ్డ ఓబులేసు మాత్రం తల గోక్కున్నాడు. "ఆడ మాత్రం వద్దు సామీ. కొన్నేండ్లు బండి ఆ నీడకు ఈపక్కనే నిలబడతాది. కొన్నేండ్లు మాట వినదు."

"మాట వినకపోవడానికి అదేమన్నా మీ దున్నపోతా ఓబులేసూ?" అన్నాడు వేదాచలం. అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు.

అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్న స్వామివారు, మాస్టారు లెక్క కట్టి మరీ చెబుతున్నాడు కదా, కాదనడం ఎందుకన్నారు. అయితే ఈ యేటికి ముసలివాళ్ళందరి బదులు తానొక్కడే అక్కడ కూర్చుంటానన్నారు. మోకాళ్ళు పట్టేసి లేవలేని మనిషి తనకంటే ఆ ఊళ్ళో ఎవరున్నారని అడిగారు. కుర్చీ మాత్రం వేదాచలమే వెయ్యాలి, పక్కన తనే నిలబడాలి. పెద్దలు కంగారుపడి ఎంత బతిమాలినా ఆయన ఆ మాట మార్చలేదు.

రథోత్సవం నాటి పొద్దున వేదాచలం నీడలో చోటు ఊడ్చి, నీళ్ళు చల్లి, కుర్చీ వేసి, స్వామివారిని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. అరుగుల మీద ఆడవాళ్ళు ఊరుకుంటారా? గురువుగారిని ఎదురు పంపుతున్నారా మాస్టారూ అని ఒకావిడ అంది. వేదాచలం నవ్వేశాడు. పై వీధుల నుంచి మేళం వినబడుతోంది. ఎంతసేపు విన్నా అది దగ్గరికి వచ్చేది కాదు. ఒక గడప దగ్గర ఆగిందంటే అక్కడే సంసారం పెట్టినట్టుండేది. స్వామివారు పానకం తాగి, పావుకోళ్ళు పక్కకు విడిచి, చిన్న కునుకు కూడా తీశారు. నా లెక్క ఎక్కడికి పోతుందని వేదాచలం మనసులో అనుకున్నాడు.

చివరికి వీధి మొదట్లో రథం తల కనబడింది. పగ్గాలు విప్పారు. జనం అరుగులెక్కారు. ఓబులేసు మనుషులు చక్రాల కింది మొద్దులు లాగారు. అయినా రథం కదల్లేదు. గోవింద కొట్టారు. అప్పుడు, కొత్తకోడలు గడప దాటినట్టు, కదిలిందో లేదో తెలియనంత మెల్లగా ముందుకు జరిగింది. మొదటి ఇల్లు దాటడానికి ఎంత సేపు పట్టిందో, అంత సేపట్లో ఆ తర్వాత రెండిళ్ళు దాటింది. ఆపైన ఇళ్ళు లెక్కపెట్టే వీలు లేకపోయింది. విడివిడిగా మోగుతున్న గంటలు కలిసిపోయి ఒకే మోత అయ్యాయి. ఓబులేసు వేసిన మొద్దును చక్రం చింతగింజలా పక్కకు విసిరేసింది. అతను పరుగెత్తి ఇంకొకటి వేశాడు.

స్వామివారు చేతులు జోడించి అలాగే చూస్తున్నారు. ఆ కళ్ళల్లో భయం లేదు, నీళ్ళున్నాయి. చెన్నకేశవుడు తన కోసమే దిగి వస్తున్నట్టు చూస్తున్నారు.

వేదాచలం అప్పుడు దూరం కొలవలేదు, గడియారం చూడలేదు. రెండు చేతులా కుర్చీని పట్టి, స్వామివారితో సహా, రాళ్ళ మీద ఈడ్చుకుంటూ పక్క సందులోకి లాక్కుపోయాడు. గాలి ముఖానికి కొట్టింది. చక్రం మూలిగి ఆగింది. చూస్తే, కుర్చీ ఉన్న చోటు దాటి ఆగింది. స్వామివారి పావుకోళ్ళు దాని కింద నలిగి పీచైపోయాయి.

ఊరంతా గోవింద కొడుతోంది. వేదాచలం నేల మీద కూలబడి, స్వామివారి వట్టి పాదాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. తన మాట విని ఆ ముసలివాళ్ళందరూ అక్కడ ఉంటే ఏమయ్యేదో తలుచుకుని ఏడుస్తున్నాడు. ఇదంతా తెలిసి మీరెందుకు కూర్చున్నారు స్వామీ అని వెక్కుతూ అడిగాడు. నీ లెక్కను నమ్మి కాదు, పక్కన నువ్వుంటావని కూర్చున్నానన్నారు స్వామివారు. ఆ తల మీద చెయ్యి వేసి, ఏడుపు తగ్గేదాకా ఆగారు. ఈలోగా జనం మళ్ళీ పగ్గాలు కట్టారు. రథం నిదానంగా సాగి మండపం చేరింది. శంఖం ఊదారు. ఏటా ఊదే వేళకే.

"నీ సరాసరి ఏమీ తప్పలేదు నాయనా," అన్నారు స్వామివారు. "మరి రథం ఎంత వడిగా వచ్చింది?"

"చెప్పలేను స్వామీ. మిమ్మల్ని నాకు లేకుండా చేసేంత వడిగా."

"ఎప్పుడు?"

"అప్పుడే. నేను కుర్చీ పట్టుకున్నప్పుడు."

"ఆ అప్పుడు ఎంతసేపుంది?"

వేదాచలం నలిగిన పావుకోళ్ళ వైపు చూశాడు. లేచి నిలబడటానికి అతని భుజం ఆసరాగా పట్టుకుంటూ స్వామివారు అన్నారు:

"తెలియకపోతే పోనీలే. నన్నైతే లాగావుగా."