రాజమాత తడిగుడ్డకి తొడిగిన గాజు

ఆ లైటు తీసెయ్ మైత్రీ, కళ్ళల్లో పొడుస్తోంది. గౌతూ, నువ్వు ఇటు పక్కకి జరుగు, ఆ చెయ్యి పట్టుకోకు, అసలే వేళ్ళు సలుపుతున్నాయి. ఇదుగో, ముందే చెబుతున్నా. మీరు ఊ కొడుతున్నంతసేపే కథ. ఊ ఆగిందా, రాజు ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోతాడు, నన్నడక్కండి.

అనగనగా, చాలా చాలా అనగనగా, ఒక ఊళ్ళో ఒక రాజుగారు. మరీ పెద్ద రాజేం కాదు. ఆయన కోట గుమ్మంలో నిలబడి తుమ్మితే పొలిమేర అవతల పక్క రాజ్యం వాళ్ళు చిరంజీవ అనేవాళ్ళు. అంత రాజ్యం. ఆయన పేరు చాంతాడంత ఉండేదిలే. ఇంట్లో అందరూ బుజ్జిరాజు అనేవాళ్ళు. మంచివాడే. కాస్త అమాయకుడు. ఎవరేం చెప్పినా నిజమేనోయ్ అనేవాడు, తరవాత వచ్చినవాడు దానికి అడ్డంగా చెబితే అదీ నిజమేనోయ్ అనేవాడు.

ఆ బుజ్జిరాజుకి ఒక తల్లి. రత్తమాంబ అని, రాజమాత. ఒక పెళ్ళాం, చంద్రవంక. చురుకైన పిల్ల. ఎక్కడ ఏది వంకరగా కనబడ్డా దాన్ని సరిచేసిగాని అన్నం తినేది కాదు.

ఇంక ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. తెల్లారగానే కొలువుకూటం గచ్చుని రాజుగారి తల్లి తన చేత్తో తడిగుడ్డ పెట్టి తుడవాలి. ఆ గచ్చు ఆరితేగాని రాజు వెళ్ళి సింహాసనం మీద కూర్చోకూడదు. పనివాళ్ళు లేరా అంటావేంటి గౌతూ, బోలెడుమంది ఉన్నారు. వంటకి ఉన్నారు, వార్పుకి ఉన్నారు, విసనకర్ర ఊపడానికి ఉన్నారు. కాని ఆ ఒక్క గచ్చు మాత్రం తల్లే తుడవాలి. రాజుననే మిడిసిపాటు రాకుండా, తను నడిచే నేల ఎవరు తుడిచారో వాడికి రోజూ గుర్తుండాలని పెట్టారట పూర్వం వాళ్ళు. బాగుంది కదూ?

రత్తమాంబకి ఆ పనంటే ప్రాణం. తెల్లారగట్లే లేచేది, గంగాళంలో నీళ్ళు పోసుకునేది, గుడ్డ ముంచేది, పిండేది, నల్ల నాపరాళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరికి తుడుచుకుంటూ పోయేది. తుడిచిన రాయిలో ఆవిడ మొహం ఆవిడకి కనబడేది. అప్పుడు కొడుకు వచ్చి, ఆ గచ్చుకి దణ్ణం పెట్టి నడిచేవాడు. ఆవిడకి ఇంక రోజంతా ఏమీ అక్కర్లేదు. కడుపు నిండిపోయేది.

ఊ కొడుతున్నారా? ఆఁ, గట్టిగా.

అలా ఏళ్ళు గడిచాయి. ఆవిడ చేతులకి వయసొచ్చింది. నడుం బాగానే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, చూపు బాగానే ఉంది. ఈ మణికట్లు ఉన్నాయి చూడు, ఇవి మొరాయించాయి. గుడ్డ ముంచగలదు, తుడవగలదు, పిండలేదు. పిండాలంటే చెయ్యి మెలితిప్పాలి కదా, ఆ మెలిక దగ్గర ప్రాణం లేచొచ్చేది. ఎవరికీ చెప్పలేదు. పైపైన నొక్కి ఊరుకునేది.

ఇంకేముంది. పిండని గుడ్డ నీళ్ళు కార్చింది. కారిన నీళ్ళు గచ్చు మీద నిలిచాయి. నిలిచిన నీళ్ళలో రాజుగారి కాలు జారింది. జారిన రాజు మంత్రిగారి పంచె పట్టుకున్నాడు. పంచె జారిన మంత్రి సేనాపతిగారి మీసం పట్టుకున్నాడు. మీసం ఊడబోయిన సేనాపతి స్తంభాన్ని వాటేసుకున్నాడు. నిండు కొలువులో రాజూ మంత్రీ చతికిలబడి ఉన్నారు, మీసం సగమే ఉంది.

నవ్వండి నవ్వండి. ఆ కొలువులోనూ అందరూ నవ్వారు. ఒక్క రత్తమాంబ నవ్వలేదు. తలుపు చాటున నిలబడి, చేతులు కొంగులో దాచుకుంది.

చంద్రవంక ఆ దాచుకోవడం చూసింది. ఆ సాయంత్రం అత్తగారి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని చూసింది. వాచి ఉన్నాయి. పిల్లకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని కోప్పడింది, రేపటి నుంచి మీరు ముట్టుకోవడానికి వీల్లేదంది. తల్లి బదులు కోడలు తుడవొచ్చులే అని మంత్రీ అన్నాడు, రాజుగారు నిజమేనోయ్ అన్నారు. అత్తగారి కోసం వెండి పీట ఒకటి చేయించి కొలువుకూటం మూల వేశారు. ఇంక మీరు కూర్చోండి అత్తయ్యా, చూస్తూ ఉండండి, చాలు అంది కోడలు.

ప్రేమతోనే అంది. ఆ మాట బాగా గుర్తుపెట్టుకోండి, ప్రేమతోనే.

రత్తమాంబ కూర్చుంది. కోడలు తుడుస్తుంటే చూసింది. మొదట్లో అక్కడ మరక ఉందమ్మా, ఇక్కడ చారిక ఉందమ్మా అనేది. తరవాత అనడం మానేసింది. తరవాత మాట్లాడటమే మానేసింది. పెట్టిన అన్నం కెలికి వదిలేసేది. వైద్యుడొచ్చి కషాయం ఇచ్చాడు, అది తాగలేదు. పీట మీద ఆవిడ రోజురోజుకీ చిన్నదైపోతోంది. మనిషి ఉందిగాని ఇంట్లో లేదు. చంద్రవంకకి ఏమీ పాలుపోలేదు, తను చేసిందాంట్లో తప్పేమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఇలా ఉండగా పెరటి వసారా మూల నుంచి వాసన రావడం మొదలెట్టింది. చంద్రవంకకి చేతినిండా పని కదా, గచ్చు తుడిచేసి తడిగుడ్డని ఆ మూల పడేసిపోయేది. అది అక్కడే ముద్దగా పడి ముక్కిపోయేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, అందరూ భోంచేసి నడుం వాల్చిన వేళ, ఆ వాసనేమిటో చూద్దామని వెళ్ళింది. వెళితే ఆ గుడ్డ పక్కన ఎవరో ముసలావిడ గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళంతా తడి. పొగలాగా అవతలి గోడ కనబడుతోంది ఆవిడలోంచి.

దయ్యమే. ఏం గౌతూ, నా చెయ్యి పట్టుకోకన్నానా, కొంగు పట్టుకో. ఇది మంచి దయ్యంలే.

చంద్రవంకకి భయం వెయ్యలేదా అంటే, వేసింది. కాని ఇంటి కోడలు కదా, భయమేసినా అడగాల్సింది అడగక మానదు. ఎవరు తల్లీ మీరు, ఇక్కడెందుకున్నారు అని అడిగింది. నేను ఈ ఇంటి పాత రాజమాతనే, మీ ఆయన తాతమ్మని అంది దయ్యం. చచ్చిపోయి ఇన్నేళ్ళయినా ఎందుకు వెళ్ళలేదమ్మా అంటే, ఆ దయ్యం తల ఎత్తి ఈ మాటంది:

"నాకూ చేతులు పడిపోయాయే అమ్మాయీ. మా కోడలు మంచిది. ఇంక మీరు కూర్చోండి అంది. కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను."

చంద్రవంక వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. లోపల వెండి పీట మీద అత్తగారు ఎందుకు కరిగిపోతోందో అప్పుడర్థమైంది. పని బరువై కాదు, పని పోయి. పిండలేకపోయింది చెయ్యి. దానికి మనిషి మొత్తాన్ని తీసుకెళ్ళి మూల పెట్టేశాం అనుకుంది. గుడ్డని మూల పడేసినట్టే కదా అదీనూ.

ఊ ఏదీ? మైత్రీ, పడుకున్నావా? లేదా. సరే.

ఇంక పంతం పట్టింది చంద్రవంక. మణికట్టు తిప్పకుండా గుడ్డ పిండాలి. ఎలా? ముందు ఒక కర్రకి గుడ్డ కట్టింది. వంగక్కర్లేకుండా తుడవడం వచ్చిందిగాని పిండటం రాలేదు. తరవాత రెండు చెక్కల మధ్య గుడ్డ పెట్టి కాలితో తొక్కే యంత్రం చేయించింది. దాన్ని రాజుగారు నేను చూస్తా నేను చూస్తా అని తొక్కబోయి, తన పట్టు ఉత్తరీయం అందులో ఇరికించుకుని, కొలువుకి ఆ చెక్కలతో సహా వెళ్ళాల్సొచ్చింది. ఇది కొత్త రకం నగ అని మంత్రి అంటే, నిజమేనోయ్ అన్నారు. ఆ యంత్రం ముచ్చట అక్కడితో సరి.

చంద్రవంక పిండటం గురించి అన్నంలో ఆలోచించింది, నిద్రలో ఆలోచించింది. అప్పుడొకరోజు గాజులావిడ వచ్చింది. రాణిగారి చేతికి కొత్త గాజులు వెయ్యాలి. గాజు చిన్నది, చెయ్యి పెద్దది. మీరు చూశారుగా మన వీధిలోకి వచ్చే గాజులావిడ ఏం చేస్తుందో. చెయ్యి తడిపి, వేళ్ళన్నీ దగ్గరికి నొక్కి, మెల్లిగా గాజుని జరుపుకుంటూ పోతుంది. అలా జరుపుతుంటే చంద్రవంక చేతి మీద నీళ్ళన్నీ గాజు ముందు గాజు ముందు పరుగెత్తి కారిపోయాయి. గాజు దాటిన చోట చెయ్యి పొడిగా ఉంది.

ఆ పిల్ల గాజులావిడని అక్కడే కూర్చోబెట్టి వడ్రంగి దగ్గరికి పరుగెత్తింది. ఒంటి చేతికే గాజులున్నాయి, రెండో చెయ్యి బోసిగా ఉంది, చూసుకోలేదు.

ఏం చేయించిందో వినండి. ఒక నున్నటి కర్ర. దాని అడుగుకి జానెడు పైన పాత నేత చీరల పీలికలు చుట్టూ కట్టించింది, అవి కర్రని ఆనుకుని వేలాడుతూ కింద గచ్చుని తాకేట్టు. ఆ కర్రకి పైనుంచి ఒక చెక్క గాజు తొడిగింది. తుడిచేటప్పుడు గాజు పైన ఉంటుంది. పిండాలంటే కర్రని గంగాళంలో నిలబెట్టి గాజుని కిందికి తొయ్యడమే. కర్రకీ గాజుకీ మధ్య పీలికలు నలిగి నీళ్ళు కారిపోతాయి. మెలి తిప్పే పనే లేదు.

తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ ఓ చెయ్యి వేసి తోసి చూసింది. కదల్లేదు. గుండ్రటి గాజు, పట్టు దొరక్క వేళ్ళు జారాయి. చంద్రవంక మొహం వాడిపోయింది. ఇంక నావల్ల కాదనుకుని కర్ర తీసుకెళ్ళిపోబోయింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఇన్ని చేశాను, ఎవరి చేతుల కోసం చేస్తున్నానో ఆ చేతుల్ని ఒక్కసారన్నా అడిగానా అనుకుంది. వెనక్కొచ్చి పీట ముందు కూర్చుని, "అత్తయ్యా, నాకు తోచడం లేదు. మీరే చెప్పండి, ఎలా ఉంటే మీకు వీలు?" అంది.

ఎన్నాళ్ళగానో నోరు విప్పని మనిషి కోడలి మొహంలోకి చూసింది. ఆ కర్ర ఇలా ఇవ్వమంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"దీనికి గంగాళానికి ఉన్నట్టు చెవులు పెట్టించవే. వేళ్ళతో పట్టుకోలేను. అరచేతులు ఆనించి ఒళ్ళు వాల్చగలను. నా ఒంటి బరువింకా నాకుందిలే."

అంతటితో ఊరుకుందా. పీలికలు అంత బరువు వద్దంది. కర్ర తల మీద తాడు ఉచ్చు వెయ్యమంది. వేసి, వసారాలో గాలి తగిలే చోట చిలక్కొయ్యకి తగిలించాలి, నేలకి తగలకూడదు, మూల పడేస్తే నీ గుడ్డలాగే కంపు కొడుతుందే అని కోడల్ని మందలించింది. మందలిస్తుంటే చంద్రవంక కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. మళ్ళీ తిట్టడం మొదలెట్టిందంటే అత్తగారు ఇంట్లోకి వచ్చేసినట్టే కదా.

మర్నాడు తెల్లారగట్ల రత్తమాంబ లేచింది. కర్ర ముంచింది, గాజు చెవుల మీద అరచేతులు ఆనించింది, ఒళ్ళు వాల్చింది. నీళ్ళు బొళబొళా గంగాళంలోకి దిగిపోయాయి. పిండిన గుడ్డ నీళ్ళు కార్చలేదు. కారని నీళ్ళు గచ్చు మీద నిలవలేదు. ఆరిన గచ్చు మీద రాజుగారి కాలు జారలేదు. మంత్రిగారి పంచె పంచెలాగే ఉంది, సేనాపతిగారి మీసం, మిగిలిన సగం, భద్రంగా ఉంది. బుజ్జిరాజు ఆ గచ్చులో తల్లి మొహం చూసి దణ్ణం పెట్టాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆ వెండి పీట తీసి అటకెక్కించాడు. ఆయన సొంతంగా ఆలోచించి చేసిన పని అదొక్కటేనట.

మరి దయ్యం ఏమైంది అంటారా, అక్కడికే వస్తున్నా.

ఆ మధ్యాహ్నం చంద్రవంక వసారాలోకి వెళ్ళింది. మూల గుడ్డ లేదు, వాసన లేదు. దయ్యం మాత్రం ఉంది, తడిగానే. ఇంక వెళ్ళొచ్చు కదమ్మా అంటే, తలొంచుకుని కర్ర వంకే చూస్తోంది. చిన్నపిల్లలు వేరేవాళ్ళ చేతిలో బొమ్మ చూస్తారు చూడు, అలాగ. చంద్రవంకకి అర్థమైంది. కర్రని ఆవిడకి అందేలా కింది చిలక్కొయ్యకి తగిలించి, పక్కన గంగాళంతో నీళ్ళు పెట్టి, లోపలికొచ్చేసింది.

కాసేపటికి రత్తమాంబ వసారాలోకి వెళ్ళింది. ఎవరూ లేరు. ఎన్నేళ్ళగానో నాచు పట్టిన ఆ మూల రాయి అద్దంలా ఉంది. కర్ర తిరిగి చిలక్కొయ్యకే వేలాడుతోంది, పీలికలు శుభ్రంగా పిండి ఉన్నాయి. గాలి లేదు, అయినా కర్ర ఇంకా కొంచెంగా ఊగుతోంది, ఎవరో ఇప్పుడే తగిలించి వెళ్ళినట్టు. రత్తమాంబ ఆ మూలకి దణ్ణం పెట్టుకుంది. ఆ తరవాత ఆ ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నారు.

కాబట్టి నాన్నా, పెద్దవాళ్ళ చేతుల్లోంచి పని లాక్కునే ముందు, ఆ చేతుల్ని ఒకసారి అడగాలి. నిన్న పొద్దున్న మీ అమ్మ నా చేతిలో గుడ్డ తీసేసుకుని, నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటాగా అంది. ప్రేమతోనే అంది, నాకు తెలీదూ. అందుకే ఏమీ అనలేకపోయాను. రేపు మీరు చెప్పండి. అమ్మమ్మకి ఒక గాజున్న కర్ర చేయించమనండి. చెవులు పెద్దవిగా ఉండాలని కూడా చెప్పండి.

ఊ కొట్టడం లేదేం? ఇద్దరూ పడుకున్నారా. పోనీలే. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. ఎవరే ఆ గుమ్మంలో? నువ్వా అమ్మాయీ? ఎప్పుడొచ్చావు? అక్కడే నిలబడి మొత్తం విన్నావేంటి? రా, ఇలా వచ్చి కూర్చో. ముందు ఆ కళ్ళు తుడుచుకో.