పుల్లమ్మ కప్పు

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. సముద్రం పక్కన ఒక ఉప్పు ఊరు. ఆ ఊళ్ళో పొలాల్లేవు, ఉప్పుమడులే. మడుల్లో నీళ్ళు ఎండి ఉప్పయ్యేవి. ఉప్పంతా కుప్పలయ్యేది. దూరం నుంచి చూస్తే ఏది ఉప్పో, ఏది మబ్బో తెలిసేది కాదు.

ఆ ఊళ్ళో పుల్లమ్మ అనే ముసలామె ఉండేది. పిల్లల్లేరు, మొగుడు లేడు. ఒక్క మనిషి ముడుచుకుంటే సరిపోయే గుడిసె. ఉప్పుకుప్పలకు తాటాకు కప్పడం ఆమె పని. కప్పుతున్నంతసేపూ నోట్లో ఒకటే మాట.

"కింద మొదలు, పైన ముగింపు. గాలికి వీపు. నీటికి దారి."

ఏడాది పనికి కూలిగా ఆమెకు ఒక కుప్ప ఇచ్చేవాళ్ళు. ఆ ఉప్పిచ్చి వడ్లు తెచ్చుకునేది. ఆ వడ్లే ఏడాదంతా గంజి. అందుకని తన కుప్పను మూడు వరసలు కప్పేది. వరసకు నలభై ఆకులు, మొత్తం నూట ఇరవై. అంచుల నుంచి తాళ్ళు వేలాడదీసి, ఇసుక నింపిన కుండలు కట్టేది.

ఒక ఏడు గాలివాన వచ్చింది. పొద్దుట మొదలై పొద్దుగూకేదాకా వీచింది. గాలి పోయాక చూస్తే ఇళ్ళ మీద కప్పుల్లేవు, కుప్పల మీద ఆకుల్లేవు. పుల్లమ్మ గుడిసె నిలిచింది, పుల్లమ్మ కుప్ప నిలిచింది.

పుల్లమ్మను అత్తా అని పిలిచే వెంగమ్మ ఇంటికి గోడలు, నాలుగు వాసాలే మిగిలాయి. ఆ గోడల మధ్య ఆమె కూతురు శేషమ్మ, మూడు రోజుల పసిగుడ్డుతో ఉంది. పదకొండో రోజు పురుటి స్నానం అయ్యేదాకా బాలింత గడప దాటకూడదని ఆ ఊరి కట్టు. కొత్తగా కప్పుదామంటే తాటాకు కొట్టాలి, నెల్లాళ్ళు ఎండబెట్టాలి. పచ్చాకు ఆరితే ముడుచుకుపోయి సందులు పడుతుంది. గాలి పోయింది గానీ వాన పోలేదు.

మొదటి వాన పడింది. పుల్లమ్మ తన కుప్ప మీది నలభై ఆకులు విప్పి, నెత్తిన పెట్టుకొచ్చింది.

"ఏందత్తా, కుప్ప విప్పుకొచ్చినావా?" అంది వెంగమ్మ. "మొగుడు పోయిన రోజు కూడా ముందు కుప్పను చూసుకొని, ఆనక ఏడ్చినావంట గదా."

"కుప్పను చూసుకోకుంటే నువ్వు పెట్టేదానివా నాకు కూడు? నిచ్చెన పట్టుకో, మాట్లాడింది చాలు."

పుల్లమ్మ ఎక్కింది. మిగిలిన నాలుగు వాసాల మీద ఆకు పరిచింది. కింద మొదలు, పైన ముగింపు. గాలికి వీపు. నీటికి దారి. 'కుప్పకు ఇంకా రెండు వరసలున్నాయి, చాలు' అనుకుంది.

రెండో వాన పడింది, మొదటిదానికన్నా బరువుగా. ఉయ్యాల పక్కన చుక్క పడింది. పుల్లమ్మ ఇంకో నలభై తెచ్చింది. కింద మొదలు, పైన ముగింపు. గాలికి వీపు. నీటికి దారి. 'ఒక వరస ఉంది. ఉప్పు చెమరుస్తుంది, కరగదు' అనుకుంది.

మూడో వాన పడింది. ఆకాశం వంగి సముద్రాన్ని తాకింది. లోపలి నుంచి శేషమ్మ పిలిచింది.

"అవ్వా, బిడ్డ చల్లబడతా ఉంది. ఏడవడం కూడా మానేసింది."

పుల్లమ్మ కుప్ప దగ్గరికి పోయింది. ఆకు కింద చెయ్యి పెట్టింది. ఉప్పు తడిగా తగిలింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత తాడు ముడి విప్పింది.

వెంగమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "అత్తా, ఇది తియ్యబాక. నీకేం మిగులుద్ది? ఏం తాగి బతుకుతావు?"

"గంజికి మీ ఇంటికే వస్తాలే. రావాలంటే ముందు మీ ఇంటికి కప్పుండాలి గదా. ఆ మోపు ఎత్తు."

మూడో వరసా పరిచింది. ఇంట్లో చుక్క ఆగింది. నిప్పుల కుంపటి రాజుకుంది. శేషమ్మ బిడ్డను రొమ్ముకు హత్తుకుంది. కాసేపటికి బిడ్డ కెవ్వుమంది. మరి కాసేపటికి పాలు తాగి నిద్రపోయింది.

పుల్లమ్మ కప్పు మీదే కూర్చుని తన కుప్ప వైపు చూసింది. మధ్యాహ్నానికి అది ఏనుగంత ఉంది. సాయంత్రానికి ఆవంత. దీపాల వేళకు దూడంత. చప్పుడు లేకుండా పాలవాగులా మడులన్నీ దాటి, వచ్చిన సముద్రంలోకే వెళ్ళిపోయింది.

పదకొండో రోజు బిడ్డకు స్నానం చేయించారు. నెల్లాళ్ళకు కొత్త ఆకు ఎండింది. వెంగమ్మ ఇల్లు కప్పించి, పాత ఆకులు పొయ్యిలో పెట్టకుండా పక్కింటికి మోసింది. వాళ్ళు ఆ పక్కింటికి. ఆ ఏడు పుల్లమ్మ ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంట్లో గంజి పోశారు. వెంగమ్మ మాత్రం, "అత్తా, మా గంజిలో ఉప్పు సరిపోయిందా?" అని ఏడిపించేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

పుల్లమ్మ పోయాక ఆమె పేరు చెప్పుకోవడానికి బిడ్డల్లేరు, భూమి లేదు. కానీ మళ్ళీ గాలివాన వచ్చింది. అప్పుడు, ఆనాటి పసిగుడ్డు, శేషమ్మ కూతురు నిచ్చెన ఎక్కింది.

ఈనాటికీ ఆ తీరంలో, గాలివానకు కప్పు పోయిన ఇంటి మీద అప్పటికప్పుడు పరిచే ఆకును పుల్లమ్మ కప్పు అంటారు. పరచడం అయ్యాక పైన గుప్పెడు ఉప్పు పెట్టి దిగుతారు. అది కరుగుతుంటే ఎవరూ చూడరు. అసలు కప్పు వేశాక ఆ ఆకుల్ని కాల్చరు, ఇంకో ఇంటికి ఇస్తారు.

దారినపోయేవాళ్ళు, "ఇల్లు కప్పించారా?" అని అడుగుతారు.

"ఇంకా లేదమ్మా," అంటారు లోపలివాళ్ళు, "మమ్మల్ని పుల్లమ్మ కాస్తా ఉంది."