సగంలో ఆగిన పులిజూదాలు

ఏ రాజు కాలమో గానీ, సాయంత్రమైతే ఊరంతా చేరే రచ్చసావిడి బండల మీద ఏడు పులిజూదాలు, పెట్టిన రాళ్లు పెట్టినట్టే, సగంలో ఆగిపోయాయి. ఆడుతున్నవాళ్లను దళవాయి యుద్ధానికి తోలుకుపోయి ఏడాదైంది.

"ఈ రాళ్లన్నీ ఊడ్చెయ్యవే. ఇక్కడ గుర్రాలు కట్టాలి," అన్నాడు దళవాయి ఓ సాయంత్రం, చేరిన జనమంతా చూస్తుండగా, సావిడి ఊడ్చే సుంకులమ్మతో.

"ఆడేవాడు బతికుండగా వాడి రాళ్లు తియ్యకూడదన్నది మా సావిడి కట్టుబాటు, దొరా. వాళ్లు చచ్చిపోయారని ఈ జనం ముందు ఒక్కమాట చెప్పండి, ఇప్పుడే ఊడ్చేస్తాను."

అందరూ క్షేమమని నిన్ననే దండోరా వేయించిన దళవాయి, గుర్రాలను మళ్లించుకుపోయాడు.

సుంకులమ్మ మూలబండ దగ్గర కూర్చుని, కొడుకు పెట్టి వెళ్లిన రాళ్ల మీది దుమ్ము తుడిచింది. వాడు పోయాడన్న కబురు ఆమెకు మూడు నెలల కిందటే అందింది. ఎవరికీ చెప్పలేదు.