మూడో మలుపు మాచమ్మ

కొండలకింకా పేర్లు పెట్టనినాటి మాట. ఊ కొడితేనే చెబుతాను.

మైదానంలో మూడేళ్లు వానల్లేవు. బావులెండాయి, గొడ్లు చిక్కిపోయాయి. కొండ అవతల మంచి నేల, ఒక నీటి ఊట ఉన్నాయని విని, గురవప్ప అనే పెద్ద తన జనాన్ని బయలుదేరదీశాడు. ఎవరి మూటలో ఎంత విత్తనముంటే వాళ్లకు అవతల అంత చేను. అదీ కట్టుబాటు.

మాచమ్మకు మొగుడు లేడు, ఎద్దు లేదు. ఉన్నది ఒక మూట జొన్నలు, ఒక చెల్లెలు. ఆ చెల్లెలు నీలి అప్పుడే ప్రసవించి, ఇంకా బయలుదేరలేని కొన్ని కుటుంబాలతో ఊళ్లోనే ఆగింది. "బిడ్డ కాస్త నిలదొక్కుకోగానే వచ్చేస్తామక్కా, దారి చూపించు" అని చెయ్యి పట్టుకుంది. మాచమ్మ సరేనంది.

కొండెక్కే చోట గురవప్ప ఆమె చేతికి ముళ్లకంప ఇచ్చాడు.

"మాచీ, అందరికంటే వెనక నడువు. కంప ఈడ్చుకుంటూ మన అడుగులు చెరిపెయ్యి."

"వెనక మనవాళ్లున్నారు కదయ్యా?"

"ఊట ఒక్కటే. అందరూ వస్తే ఎవరికీ చాలదు. ఈడ్చు."

మాచమ్మ వెనక్కి తిరిగి చూసింది. కొండదారి మూడుచోట్ల చీలుతుంది, తప్పుదారి పడితే లోయే గతి. కాదంటే తననే వదిలేస్తారు. కంప ఈడ్చింది.

మొదటి చీలిక వచ్చింది. అడుగులు చెరిపింది. మూట విప్పింది. మంచిదారి పక్కన కర్రతో గుంటలు చేసి, గుంటకు మూడేసి గింజలు వేసి, మడమతో మట్టి తొక్కింది. విత్తేటప్పుడు వాళ్లనే మాట ఒకటుంది, "పిట్టకొకటి, చీమకొకటి, నాకొకటి" అని. మాచమ్మ చివరిమాట మార్చింది.

"పిట్టకొకటి, చీమకొకటి, వెనకొచ్చేవాళ్లకొకటి."

రెండో చీలికలోనూ అడుగులు చెరిపింది, గింజలు నాటింది, అదే మాట అంది. మూడో చీలికలో మూట దులిపి మరీ నాటింది.

అవతల చేలు పంచుతున్నారు. "నీ విత్తనమేదే?" అన్నాడు గురవప్ప.

"దారిలో పోయిందయ్యా."

అబద్ధమేమీ కాదుగా! అందరూ నవ్వి, చిల్లుమూట మాచమ్మ అని పేరు పెట్టారు. చేను మాత్రం ఇవ్వలేదు. మాచమ్మ వెనక్కి నడిచి, మూడో చీలిక దగ్గర గుడిసె వేసుకుంది.

ఆ ఏడు వానలు కొండమీద పడ్డాయి, మైదానంలో పడలేదు. నీలి బిడ్డనెత్తుకుని తనవాళ్లతో మొదటి చీలికదాకా వచ్చింది. ఒక్క అడుగు జాడైనా లేదు. "అక్క మరిచిపోయింది" అని ఏడ్చి, వెనక్కి తిరగబోతూ చూసింది. పొదల మధ్య జొన్న!

"అడవిలో జొన్న దానంతటది మొలవదు. ఇది మా అక్క చెయ్యే" అంది.

జొన్న జాడ పట్టుకుని నడిచారు. మూడో చీలికలో కంకుల పక్కనే అక్క నిలబడి ఉంది.

"ఇంత ఆలస్యమా? పిట్టల్ని తోలలేక చస్తున్నా!" అని తిట్టి, బిడ్డను లాక్కుని గుండెకదుముకుని బావురుమంది మాచమ్మ.

సంగతి తెలిసి గురవప్ప పరుగెత్తుకొచ్చాడు. "అడుగులు చెరపమన్నానా లేదా?"

"చెరిపాను. ఒక్కటుంటే చూపించు. విత్తొద్దని నువ్వనలేదు."

"మరి నీళ్లు?"

"తవ్వే చేతులొచ్చాయి. బావి తవ్వుకుందాం."

నవ్వినవాళ్లే గడ్డపారలు తెచ్చారు. నీళ్లు పడ్డాయి.

మాచమ్మ బతికినన్నాళ్లూ ఏటేటా ఆ మూడుచోట్లా జొన్న వేసింది. ఆమె పోయాక ఆ దారిన ఎడ్లు నడిచాయి, బండ్లు నడిచాయి, ఇప్పుడు బస్సులు నడుస్తున్నాయి. తారురోడ్డు ఆమె విత్తినచోటే మలుపు తిరుగుతుంది. సెలవులకొచ్చినవాళ్లు మూడో మలుపులో ఆగి లోయతో ఫొటోలు దిగుతారు. దిగనీ, మనకేం.

లారీవాళ్లు మాత్రం అక్కడ బండి ఆపి గుప్పెడు జొన్నలు చల్లుతారు. వానాకాలంలో పిట్టగోడ పక్కన జొన్న లేస్తుంది, ఎవరూ కొయ్యరు. "పిట్టకొకటి, చీమకొకటి, వెనకొచ్చేవాళ్లకొకటి" అంటూ డ్రైవరు అద్దంలోకి చూస్తాడు. వెనక బండి మలుపు తిరిగేదాకా ముందుకు కదలడు.