మంచె మీద న్యాయం

మా జొన్నచేలల్లో పిట్టలు తోలే మంచెలు ఇప్పుడు లేవు. ఒకప్పుడు వాటి మీదే న్యాయసభ జరిగిందని మా నాయనమ్మ చెప్పేది.

ఆ ఏడు కలరా వచ్చింది. జనం గుమికూడొద్దని ధర్మాధికారి సభ మూసేశాడు. కరణంగారి ఎద్దును దొంగిలించాడన్న నేరం మీద పట్టుకొచ్చిన గంగులు, విచారణ లేక చెరలోనే ఉండిపోయాడు. అతని భార్య సుంకులమ్మ వెళ్లి ధర్మాధికారి వాకిలికి దూరంగా నిలబడింది.

"దొరా, మేం పొద్దస్తమానం మంచెల మీంచే మాట్లాడుకుంటాం. తమరొక మంచె ఎక్కండి, మేం తలా ఒకటి ఎక్కుతాం. రోగం అంటదు, విచారణ ఆగదు."

"న్యాయం కేకలేసి చెప్పేదా?" అని ఆయన మండిపడ్డాడు.

"చెవిలో చెప్పేదైతే అది న్యాయమెట్లా అవుతుంది దొరా?"

ధర్మాధికారి మర్నాడే మంచె ఎక్కాడు. అన్నాళ్లూ ఆయన చెవి కొరికిన కరణం, ఆ అబద్ధాన్నే ఊరంతా వినేలా అరవాల్సి వచ్చింది.

"ఎద్దు నీ అల్లుడి దొడ్లోనే ఉంది కదయ్యా!" అని పక్క చేలల్లోంచి నాలుగు గొంతులు లేచాయి.

గంగులు ఇంటికొచ్చాడు.

కలరా పోయాక సభ మళ్లీ గోడల మధ్యకే చేరింది. మా నాయనమ్మ మాత్రం, ఇంట్లో ఎవరు గుసగుసలాడినా, "మంచెక్కి చెప్పరా!" అనేది.