ఐదువేల ఒక్క ప్రశ్నలు

విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఏదీ ముందు ఆలోచించకుండా కూర్చున్నచోటికే ఒక్కొక్కటీ తెప్పించుకునే చక్రధర్ అనే టీమ్ లీడర్ ఉండేవాడు. ఆయన ఒక్క టీ తాగాలంటే అటెండర్ అప్పలనరసమ్మ నాలుగుసార్లు తిరగాలి: టీకి, పంచదారకి, చెంచాకి, మంచినీళ్లకి. ఆ తిరుగుళ్లు ఆయన కంటికి ఎన్నడూ ఆనలేదు.

ప్రోగ్రాములూ అలాగే రాసేవాడు. ఒక ప్రసూతి ఆసుపత్రికి రక్తదాతల జాబితా చూపే ప్రోగ్రాం చేశాడు. పేర్లు ముందు తెచ్చి, ఎవరు ఆఖరుసారి ఎప్పుడు రక్తమిచ్చారో ఆ తేదీని మాత్రం అవసరమైనప్పుడు డేటాబేస్‌ను అడిగేలా పెట్టాడు. పదిమంది పేర్లతో చూస్తే చకచకా వచ్చింది. అసలు జాబితా, ఐదువేల పేర్లు, ఎక్కించగానే తెర బిగుసుకుపోయింది.

మర్నాడు పదింటికి ఆసుపత్రి సూపరింటెండెంట్ వచ్చి చూసి, నచ్చితే ఒప్పందం చేసుకోవాలి. పేర్లు ఎక్కించింది కొత్తగా చేరిన యామిని కాబట్టి తప్పు ఆమెదేనని చక్రధర్ తేల్చేశాడు. సాయంత్రంలోగా బాగుచెయ్యకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదన్నాడు. ఆడపిల్లలకు టెస్టింగ్ పనులు చాలని తను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని కూడా అన్నాడు.

యామిని డేటాబేస్‌కు వెళ్లిన ప్రశ్నల చిట్టా తీసింది. జాబితా కోసం ఒకటి. ఆ తర్వాత తేదీ కోసం మనిషికొకటి చొప్పున ఐదువేలు.

"సార్, మీ టీ కోసం అప్పలనరసమ్మ తిరిగినట్టే డేటాబేస్ తిరుగుతోంది. ఆవిడ నాలుగుసార్లకి ఓర్చుకుంది. ఇవి ఐదువేలు," అంది.

పక్కనే టీ కప్పు తీస్తున్న అప్పలనరసమ్మ నవ్వు కనబడకుండా చెంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే ఉన్నదంతా ఒకేసారి లాక్కొచ్చి పడేస్తావా?" అన్నాడు చక్రధర్ వెటకారంగా.

"ఎందుకు సార్? జాబితాకి కావలసింది పేరు, గ్రూపు, తేదీ. ఆ మూడూ ఒక్క ప్రశ్నతో కలిపి తెద్దాం. చిరునామాలూ పాత వివరాలూ ఎవరైనా అడిగినప్పుడు."

ఆయన అనుమతి కోసం ఆగకుండా ప్రోగ్రాంలో నాలుగు పంక్తులు మార్చింది.

మర్నాడు సూపరింటెండెంట్ డాక్టర్ సత్యవేణి బటన్ నొక్కి, కళ్లజోడు సర్దుకునేలోపే ఐదువేల పేర్లూ తేదీలతో సహా తెరమీద నిలిచాయి. ఆ పూటే రక్తమివ్వగల ఓ-నెగటివ్ గ్రూపువాళ్లు తొమ్మిదిమంది తేలారు. ఒక బాలింత కోసం పొద్దుటినుంచీ ఆ రక్తానికే వెతుకుతున్నామని ఆమె అక్కడికక్కడే ఫోను అందుకుంది. మొదటి దాత వస్తున్నానన్నాక, ఇది చేసిందెవరని అడిగింది.

చక్రధర్ గొంతు సవరించుకుని, "మా టీమ్..." అనబోయాడు.

"నేనండీ," అంది యామిని.

ఇకమీదట ఏ పనైనా ఈ అమ్మాయితోనే మాట్లాడతానని చెప్పి డాక్టర్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. యామిని ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీద, ఆ మధ్యాహ్నమే, చక్రధర్‌కు సంతకం పెట్టక తప్పలేదు.

కూర్చుని అడిగేవాడికి ప్రతిదీ ఒక మాటే, తెచ్చేవాళ్లకి ప్రతిదీ ఒక ప్రయాణం. కాబట్టి ఏం కావాలో ముందే ఆలోచించి, ఒక్కసారే అడగాలి.