ఉరుము ముందా, చేతులు ముందా?

సముద్రపు గాలి కోటగుమ్మం దాకా వచ్చే ఒకానొక రాజ్యాన్ని ప్రచండభూపతి ఏలేవాడు. తనంత చురుకైనవాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఒకనాడు చీనా వర్తకుడొకడు పట్టుబట్ట కానుక తెచ్చాడు. దాని మీద నల్లటి అక్షరాలు. దుబాసీ తారావళి చదివి చెప్పింది.

"'ఉరిమితే చెవులు మూసుకునే వ్యవధి ఉండదు' అని రాసుంది ప్రభూ. పూర్వం వాళ్ళ సేనానులు శత్రువుకి సందివ్వకుండా విరుచుకుపడేవారట. ఆ వేగాన్ని చెప్పడానికి పుట్టిన మాట."

రాజు మీసం దువ్వాడు. "శుద్ధ అబద్ధం! ఉరుమైనా, నగారా అయినా నా చేతులే ముందు. నువ్వే తప్పు చెప్పావు. రేపు పొద్దుగూకేలోగా ఆ మాట నిజమని తేలకపోతే, ఈ వర్తకుడి ఓడలోనే నువ్వూ చీనా వెళ్ళిపో!"

విదూషకుడు పోలన గుండె జారిపోయింది. తారావళి ఏ దేశపు మాట పలికినా అతనికి వెన్నెల కురిసినట్టుండేది. ఆ గొంతు కోసమే రోజూ సభకు వచ్చేవాడు.

"నేను తేలుస్తాను ప్రభూ!" అన్నాడు.

మర్నాడు రాజు సింహాసనమెక్కుతూనే, ఏ చప్పుడూ తనని ఓడించకుండా ముందే రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. మంత్రి ఏదో విన్నవించాడు. రాజు తలూపాడు. వందిమాగధులు పొగిడారు. అదీ వినలేదు, పాపం.

పొద్దు వాలుతుండగా పోలన ఎదుట నిలబడ్డాడు. రాజుగారి మీసం వైపు చూస్తూ పెదవులు కదిపాడు. మళ్ళీ కదిపి కిసుక్కున నవ్వాడు. సభంతా ముసిముసిగా నవ్వింది.

రాజు ఉండబట్టలేకపోయాడు. "ఏమిట్రా, నన్నేమంటున్నావ్?" అని చేతులు తీశాడు.

ఢాం! సింహాసనం వెనక తెరచాటున నగారా మోగింది.

"అర్జునా! ఫల్గుణా!" అంటూ రాజు ఎగిరిపడ్డాడు. అర్జునుడి పేర్లు రెండు పలికాక గాని చేతులు చెవులను చేరలేదు.

చేతులు దించి రాజు అరిచాడు, "మోసం! చెప్పకుండా కొట్టించావు!"

"చెప్పి ఉరిమే ఉరుము ఎక్కడుంది ప్రభూ?"

రాజు మీసం సవరించుకున్నాడు. "సరే, ఇంతకీ ఏమన్నావురా?"

"ఏమీ అనలేదు ప్రభూ. ఊరికే పెదవులాడించాను."

రాజు విరగబడి నవ్వాడు. "తారావళి ఇక్కడే ఉంటుంది. నీకేం కావాలో కోరుకో!"

పోలన తారావళి వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఈసారి నిజంగానే మాట పెగల్లేదు.

"మళ్ళీనా!" అని రాజు గబుక్కున చెవులు మూసుకున్నాడు.

తారావళి చెయ్యూపి భయం లేదన్నట్టు సైగ చేసింది. రాజు ఒక్క చెవి మాత్రం తెరిచాడు.

"నేను అనువదిస్తాను ప్రభూ. 'ఈ దుబాసీని నాకిచ్చి పెళ్ళి చేయండి' అంటున్నారు." తలవంచుకుని మెల్లగా అంది, "దుబాసీ కూడా సరేనంటోంది."

రాజు పకపకా నవ్వి తన ముత్యాలహారం తీసి పోలన మెడలో వేశాడు.

"ఇంకేం, నగారా మోగించండి! ఆగండాగండి... ముందు నన్ను చెవులు మూసుకోనివ్వండి!"